పగిలిన అద్దాల గోడ

అద్దం పగిలితే ఇంట్లో ఉంచకూడదంటారు మనవాళ్ళు. పెంకులన్నీ ఏరి, కాగితంలో చుట్టి, గడప దాటించేదాకా ఆడవాళ్ళకు మనసు నిలవదు. కోలారు బంగారు గనుల్లోని ఛాంపియన్ రీఫ్స్‌లో మాత్రం ఒక ఇంట్లో పగిలిన అద్దాన్ని తుడిచి, తారీఖు వేసి, గోడకు ఆనించి పెట్టుకున్నారు. మూడు తరాలుగా అదే వాళ్ళ పద్ధతి. ఆ ఇంటి మనిషి మునిలక్ష్మి గురించి రెండు పేజీలు రాసిమ్మని నన్ను అడిగారు. రెండు పేజీలకు లొంగే మనిషి కాదని అప్పుడు నాకు తెలియదు.

అడిగినవాడు అనంత్. బంగారుపేట హైస్కూల్లో నా దగ్గర సోషల్ చదువుకున్నాడు. ఇప్పుడు బెంగళూరులో, పాత కట్టడాలనూ పాత పనులనూ కాపాడే ఒక సమితిలో ఉద్యోగం. గనులు మూతపడిన పదకొండేళ్ళకు మా కేజీఎఫ్ కూడా పాతదేనని ఆ సమితికి గుర్తొచ్చింది.

"టీచర్, ఛాంపియన్‌లో రంగుటద్దాలు చేసే షెడ్డొకటి ఉండాది గదా," అన్నాడు ఫోన్లో. "దాన్ని మ్యూజియమని మా సమితి ఒప్పుకునే మాదిరి ఉండాది. ఆమె కథ తెలుగులో రెండు పేజీలు రాసిస్తారా?"

"ఒప్పుకోకుంటే ఏమయితాది?"

"ఆ షెడ్డుండే జాగా గనులది టీచర్. మ్యూజియమని బోర్డు పడితే ఆమెకే వదిలేస్తారు. లేదంటే ఖాళీ చేయాల్సిందే. నోటీసు కూడా అంటించేసినారు."

రాస్తానన్నాను. రిటైరయ్యాక నా చేతికి పనిలేదు, నోటికి తీరికలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల మీద అరిచిన గొంతు ఇంట్లో గోడల మీద అరవలేక అవస్థ పడుతోంది. పైగా నేను గనుల గుమాస్తా కూతుర్ని. మా నాన్న గురురాజ, గనుల స్టోర్స్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఆఫీసు మాట ఇంట్లో ఎత్తితే ఊరుకునేవాడు కాదు. ఆయన ఎత్తని మాటలు ఎవరి దగ్గరో ఉంటాయని నాకెప్పుడూ తోచలేదు.

పొద్దున బెంగళూరు వైపు పోయే బండ్లలో కాలు పెట్టడానికి సందుండదు. గనులు పోయాక ఊరి తిండి ఆ బండ్లలోనే పోయి వస్తోంది. నేనెక్కిన మారికుప్పం బండి మాత్రం ఖాళీ. ఛాంపియన్‌లో దిగి నడుస్తుంటే బంగారం తీసేశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి గాలి లేచి నోట్లో దుమ్ము కొట్టింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని షెడ్డు వెతుక్కున్నాను. రేకుల కప్పు, తలుపు మీద మాసిపోయిన అక్షరాలతో ఒక తగరపు బోర్డు, దాని పక్కనే తెల్లగా కొత్త నోటీసు.

లోపల ఒక పొట్టి మనిషి బల్ల మీదికి వంగి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకుంది. తలెత్తకుండానే అడిగింది.

"ఎవురు?"

"బంగారుపేట నుంచి వచ్చినాను. జలజ. సమితివాళ్ళు మీ గురించి రాయమని..."

"అట్లే నిలబడుండండి. గీత నడుమ మాట్లాడితే అద్దం మాట వినదు."

నన్ను నిలబెట్టినవాళ్ళు ఈ జిల్లాలో తక్కువ. ఒళ్ళు మండింది. అయినా నిలబడ్డాను. ఆమె వజ్రం మొన ఉన్న కలంతో ఎర్రటి అద్దం మీద ఒకే ఒక గీత గీసింది. తిప్పి, కింద నుంచి చిన్న సుత్తితో రెండు దెబ్బలు తట్టింది. అద్దం ఆకు తుంచినంత సులువుగా రెండయింది. ఆ రెండో దెబ్బకి నా కోపం కూడా సగమయింది.

"ఇంగ కూర్చోండమ్మా," అంది మునిలక్ష్మి. "కాఫీ తాగుతారా?"

కాఫీ తాగుతూ ఆ ఇంటి పుట్టుక విన్నాను. వాళ్ళ తాత చిన్నవెంకటప్పది కామసముద్రం పక్క రాగి చేలు చేసుకునే ఇల్లు. రెండేళ్ళు వానల్లేక పద్దెనిమిదో ఏట గనులకు వచ్చాడు. వడ్రంగి షాపులో పని. ఆ రోజుల్లో దొరల చర్చి కోసం ఇంగ్లండు నుంచి ఒక రంగుటద్దాల కిటికీ పెట్టెలో వచ్చింది. పెట్టె తెరిస్తే ఏడు ముక్కలు పగిలి ఉన్నాయి. మళ్ళీ తెప్పించాలంటే ఏడాది. దొర తల పట్టుకుని కూర్చుంటే, పెట్టె తెరిచిన వడ్రంగి "నేను చూస్తాను దొరా" అన్నాడట. రైల్వేవాళ్ళు పారేసిన సిగ్నల్ లాంతర్ల ఎర్రద్దం, పచ్చద్దం తెచ్చాడు. ఆముదం సీసాల నీలం గాజు తెచ్చాడు. కోసి, సీసపు బద్దీల్లో ఇరికించి, టంకం పెట్టి నిలబెట్టాడు.

"ఆ చర్చిలో పెద్దాయన చొక్కా ఎర్రగా ఉండాది చూడండి. అది రైలును నిలబెట్టే ఎరుపు," అని నవ్వింది మునిలక్ష్మి. "నూరేండ్లాయె, యా పాదిరీ కనిపెట్టలేదు."

అప్పటి నుంచీ చర్చిలకు, క్లబ్బుకు, బంగళాలకు కిటికీలు చేసే ఇల్లు ఇదే అయింది. చేసిన ప్రతి కిటికీకీ నిలువెత్తు కాగితం మీద గీసిన నమూనా ఈ ఇంట్లో చుట్ట చుట్టి ఉంటుంది. తండ్రి గోవిందప్ప వాటినీ, మిగిలిన కిటికీలనూ ముందు గదిలో వరసగా పెట్టి, తలుపు మీద బోర్డు రాశాడు. అడిగినవాళ్ళకు తనే తిప్పి చూపించేవాడు. ఆయన తర్వాత పని చేసేదీ, తిప్పి చూపించేదీ మునిలక్ష్మే. నన్నూ తిప్పింది. నెమలి కిటికీ చూశాను. తామరల కిటికీ చూశాను. నా రెండు పేజీలు అక్కడే నిండిపోయాయనుకున్నాను.

"ఇంగ లోపలికి రండి," అంది. "అసలైంది ఈడ లేదు."

వెనక గదిలో కిటికీ లేదు. తూర్పు వైపు రేకు గోడ. దాని పొడుగునా చెక్క అరల్లో అద్దపు పలకలు ఆనించి ఉన్నాయి. ఒక్కటీ నిండుది కాదు. కొన్ని మూలకు చీలినవి, కొన్ని నాలుగైదు ముక్కలైనవి. ప్రతిదాని కింద తారీఖు రాసిన చీటీ. ముందు గదిలో కళ్ళు చెదిరిన నాకు ఇక్కడ ఏమీ అర్థం కాలేదు.

"ఏర్ బ్లాస్ట్ అంటే తెలుసునా మీకు?"

తెలియకేం. గనుల పక్కన పెరిగిన ఎవరికి తెలియదు? మైలు లోతున రాయి తన మీది బరువు తట్టుకోలేక ఒక్కసారిగా పేలుతుంది. పైన భూమి అదురుతుంది. అటక మీద చెంబులు దొర్లుతాయి. మాట్లాడుతున్నవాళ్ళు మాట ఆపేస్తారు. కింద షిఫ్టులో ఉన్న మనిషి ఇంటివాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా, గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరిగెత్తుతారు.

"అట్ల అదిరినప్పుడు పైన అద్దాలు పగిల్తాయి. మా తాతకు పిలుపొస్తాది," అంది మునిలక్ష్మి. "ఒకసారి క్లబ్బులో అద్దం పెట్టను పోతా ఉంటే, షాఫ్టు గేటు కాడ ఆడోళ్ళు కూర్చోనుండారంట. కింద మనుషుల్ని ఇంగా పైకి తేలేదు. ఈయన కొత్తద్దం పెట్టినాడు. పాతది దిబ్బ మీద పారెయ్యమన్నాడు వాచ్‌మన్. పారెయ్యలే. సంచిలో ఏసుకొని ఇంటికి తెచ్చినాడు. కింద మనుషులు పోయిన దినం పైన పగిలిన అద్దం ఇది, దీన్ని ఎట్ల పారేసేది అన్నాడంట."

"అప్పటి నుంచీ?"

"అప్పటి నుంచీ, మనిషి పోయిన ప్రతి ఏర్ బ్లాస్టుకీ ఒకటి. ఇరవై ఆరుండాయి." చేత్తో గోడంతా చూపించింది. "మా తాతకు చదువు రాదు. అద్దం మార్చినట్టు స్టోర్స్ నుంచి ఒక చీటీ ఇస్తారు. యా కిటికీ, ఎన్ని పలకలు, యా తారీఖు అని. ఆ చీటీ వెనకాలే పోయినోళ్ళ పేర్లు రాయించుకుంటా ఉండె. స్టోర్స్‌లో ఒక గుమాస్తా రాసిస్తా ఉండె. ఎవురికీ చెప్పద్దు అని చెప్పి రాసిస్తా ఉండె."

ఒక చీటీ తీసి నా చేతికిచ్చింది. ముందు వైపు ఇంగ్లీషులో టైపు. వెనక నాలుగు తెలుగు పేర్లు. కళ్ళజోడు పెట్టుకోకముందే నాకు తెలిసిపోయింది. తలకట్టును గుండ్రంగా తిప్పకుండా అడ్డగీతలా లాగడం, ప్రతి పేరు చివరా ఒక చుక్క పెట్టడం. నా పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి.

ముందు కోపం వచ్చింది. నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికాం, ఒక్క మాట చెప్పలేదు. ఆ కోపం వెనకాలే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"మా నాయన," అన్నాను.

మునిలక్ష్మి ఆశ్చర్యపోలేదు. "అట్లనా," అని చీటీ వెనక్కి తీసుకుంది. "అయితే ఈ గోడలో మీకూ పాలుండాది."

తర్వాత అర చివర ఉన్న నీలం పలక ముందు నిలబెట్టింది. ఒక మూల నుంచి ఎదురు మూలకు చీలిక. అది మేనేజరు బంగళా మెట్ల కిటికీది. మునిలక్ష్మికి అప్పుడు పదేళ్ళు. పొద్దున పదింటప్పుడు భూమి అదిరింది. ఆమె పెదనాన్న పాపన్న, చిన్నవెంకటప్ప పెద్దకొడుకు, ఆ షిఫ్టులో కింద ఉన్నాడు. ఇంటిల్లిపాదీ షాఫ్టు దగ్గరికి పోతుంటే బంగళా నుంచి ప్యూన్ వచ్చాడు. కిటికీ పగిలింది, సాయంత్రం విందు ఉంది, రమ్మన్నారని.

"మా అవ్వ తాత చొక్కా పట్టుకొని లాగింది. కొడుకు కింద ఉంటే అద్దం పెట్టను పోతావా నువ్వు, మనిషివేనా అనింది. ఈయన పోయినాడు. పెట్టినాడు. పొద్దు గుంకే యాళకు దీన్ని చంకలో పెట్టుకొని వచ్చినాడు. అప్పటికి మా పెదనాయన్ని పైకి తెచ్చేసినారు."

"ఊరివాళ్ళు ఏమన్నారు?"

"రాతిగుండె అన్నారు. చచ్చేదాకా అన్నారు. ఆయన తిరిగి ఒక మాట అనలే." ఆమె గొంతు పెరిగింది. "ఆయన పోకుంటే ఇంగెవురో పోయుందురు. దీన్ని దిబ్బ మీద పారేసుందురు. మా పెదనాయన పోయిన దినం ఇది అని చూపించను ఈ పొద్దు నా కాడ ఏముంటుందమ్మా? చెప్పండి."

పలక మీద చెయ్యి వేసి చూశాను. చీలిక వేలికి తగిలింది.

ఆ గోడ వల్లే మునిలక్ష్మి పెళ్ళికి ముగ్గురు పెళ్ళికొడుకులు వెనక్కి పోయారు. పగిలిన అద్దాలున్న ఇంటి పిల్ల అరిష్టమన్నారు. వాటిని తీసేసి పెళ్ళి చేద్దామని గోవిందప్ప అంటే, ఇరవై ఏళ్ళ మునిలక్ష్మి అరకు అడ్డంగా నిలబడి, వీటితో పాటు నన్నూ పారెయ్యి నాయనా అందట. నాలుగోవాడు నంగలి నుంచి వచ్చిన చెన్నప్ప. తారీఖులన్నీ చదివి, చివర మంచినీళ్ళడిగి, ముహూర్తం ఎప్పుడన్నాడట. ఆయన పోయి ఆరేళ్ళు. ఆయన మాట చెప్తున్నప్పుడు మాత్రం ఆమె నా వైపు చూడలేదు.

మధ్యాహ్నం అనంత్ వచ్చాడు. ముందు గదిలో ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటూ నెమలికి మురిసిపోయాడు. వెనక గదిలో ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మా, ముందు గది బంగారం. ఇది మాత్రం..." అని నసిగాడు. "ఇది పగిలిన గాజు గదమ్మా. చూడను వచ్చేవాళ్ళకు మనసు సంతోషంగా ఉండాల. పెద్దోళ్ళు వస్తారు, చెయ్యి తెగితే ఎవురు జవాబు చెప్పేది? అతికించి నిండుగా చెయ్యండి, కాదంటే తీసెయ్యండి. ఈ గది ఇట్లే ఉంటే మా సమితి ఒప్పుకోదు."

"ఒరే," అన్నాను. వాడికి ముప్పై అయిదేళ్ళు, ఆఫీసరు. అయినా అన్నాను. "పదో తరగతిలో నీకు యుద్ధాల తారీఖులు తప్ప ఇంకేమీ గుర్తుండేది కాదు. ఇప్పుడు తారీఖులు కూడా వద్దా?"

"టీచర్, నేను మీ పక్కే. పైవాళ్ళుండారు గదా. వాళ్ళు రాసిచ్చిన రూలు ఇది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఇంకో మాట అనబోయాను. మునిలక్ష్మి నా చెయ్యి పట్టి ఆపింది.

"అతికిస్తే చాలునా అప్పా?" అని అనంత్‌ని అడిగింది.

"చాలమ్మా. ఒక్క పెంకు కూడా విడిగా ఉండకూడదు, నిండు కిటికీగా ఉండాల. అంతే."

"అయితే ఇరవై దినాలు టైమియ్యి."

మూడు తరాలు కాపాడినదాన్ని ఒక బోర్డు కోసం అతికించేస్తుందట. ఆ చీలికలన్నీ మాయమై, నిగనిగలాడే కిటికీ ఒకటి తయారవుతుందట. మా నాన్న చీటీలు ఏ పెట్టెలోకో పోతాయి. పోయొస్తానని కూడా చెప్పకుండా బయటికి వచ్చేశాను. ఇంటికి పోయి రెండు పేజీలు రాసిపడేశాను. నెమలి గురించి, తామరల గురించి, రైలు ఎరుపు గురించి. వెనక గది మాట ఒక్కటీ లేదు. చదువుకుంటే పెళ్ళిపత్రికలా ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా అనంత్‌కి పంపేశాను. సిగ్గుపడాల్సిన పనే. ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజు మునిలక్ష్మి ఫోన్.

"ఏమమ్మా, అలిగి పోయినారు? నాకు మీ చెయ్యి కావాల. రండి."

"నా చెయ్యెందుకు?"

"మీ నాయన మాదిరి రాసే చెయ్యి ఇంగ ఎవురికుండాది?"

వెళ్ళేసరికి వెనక గదిలో తూర్పు వైపు రేకు ఊడదీసి ఉంది. ఆ ఖాళీలో మనిషి కంటే ఎత్తున టేకు చట్రం. గనుల్లో ఊతానికి వాడి పైకి తెచ్చేసిన మొద్దుల నుంచి కోయించిందట. బల్ల మీద పెద్ద కాగితం. దాని మీద ఇరవై ఆరు పలకలూ వాటి చీలికలతో సహా గీసి ఉన్నాయి. కాగితం కంటే ముందు ఆమె ముఖం చూశాను. నేను అనుమానించానని ఆమెకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు గాని, ఆ పూట కాఫీ గ్లాసులు నేనే కడిగాను.

"మా పనిలో పగిలిందాన్ని అతికించను రెండు దారులుండాయి," అంది మునిలక్ష్మి. "ఒకటి జిగురు. కనపడకుండా అతుక్కుంటాది. ఇంగోటి సీసం. చీలిక అంచును పట్టకారుతో సన్నగా కొరికి, నడుమ సీసపు బద్దీ దూర్చి, టంకం పెడతాం. అప్పుడు చీలిక యాడుండాదో ఆ ఆఖరి మూలలో నిలబడినోడికి కూడా కనపడతాది. నల్లగా, వేలంత లావు." నీలం పలక ఎత్తి చూపించింది. "అతికించమన్నాడు. దేంతో అని చెప్పలే."

నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వుకి రేకులు మోగాయి. అరవై నాలుగేళ్ళ వయసులో పిల్లల అల్లరికి తోడైనంత సంబరపడ్డాను.

నా పని పేర్లు. ఇనుప పొడి, గాజు పొడి నూరి కలిపిన నల్ల రంగుతో, కుంచెతో, పలకల మీద రాయాలి. కొలిమిలో కాలిస్తే ఆ రంగు గాజులో కలిసిపోతుంది. ఇక గీకినా పోదు, కడిగినా పోదు. చీటీలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. తలకట్టును అడ్డగీతలా లాగాను. చివర చుక్క పెట్టాను. మొదటి రోజు గీత కుదరక మూడు పేర్లు తుడిచి రాయాల్సి వచ్చింది. రెండో రోజుకి నాన్న చెయ్యి నా చేతిలోకి వచ్చింది. ఆయనతో బతికిన నలభై ఏళ్ళలో ఆయనకు ఇంత దగ్గరగా ఎన్నడూ కూర్చోలేదు.

మొత్తం అరవై ఒక్క పేర్లు. ఆవులప్ప అని ఇద్దరు. తమిళ పేర్లు చాలా. మూడుచోట్ల మాత్రం నాన్న చీటీలో పేరు లేదు. "కామసముద్రం నుంచి వచ్చిన కుర్రవాడు, పేరు తెలియలేదు" అని ఒకచోట, ఉత్త చుక్క రెండుచోట్ల. వాటికేం చేద్దామని అడిగాను.

"రాయొద్దండి. రంగు కూడా లేకుండా తెల్లద్దం ముక్క పెడతాను. ఎవురైనా పేరు చెప్పుకుంటా వస్తే అప్పుడు రాద్దాం."

కొలిమిలో పాత గాజు రెండు పలకలు వేడికి మళ్ళీ పగిలాయి. నేను అయ్యో అన్నాను. మునిలక్ష్మి తారీఖు వేసి, ఆ కొత్త చీలికలకు కూడా సీసం పెట్టింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున పదింటికి అనంత్ వచ్చాడు. వెంట సమితి పెద్దలు ఇద్దరు. ఒకాయనది తెల్లటి ఇస్త్రీ చొక్కా, ఆయనే అధ్యక్షుడు. వాళ్ళకంటే ముందే వీధిలో జనం ఉన్నారు. ముసలి గనివాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, నాలుగిళ్ళ అవతలి నుంచి చేతికర్రతో వచ్చిన ఓబలప్ప. ఎవరు పిలిచారని అనంత్ నా వైపు చూశాడు. నేను కప్పు వైపు చూశాను.

వెనక గదిలోకి అడుగు పెట్టగానే అధ్యక్షుడు ఆగిపోయాడు. తూర్పు ఎండ కిటికీ మీద పడుతోంది. ఎరుపు, పచ్చ, నీలం నేలంతా పరుచుకున్నాయి. వాటి నడుమ చీలికలన్నీ నల్లగా, లావుగా, ఒక్కటీ దాక్కోకుండా. ఆయన తెల్లచొక్కా మీద పాపన్న పలక నీలం పడింది. నీలం నడుమ అడ్డంగా ఆ చీలిక నీడ.

"ఈ పేర్లేంది?" అన్నాడాయన.

జవాబు వెనక నుంచి వచ్చింది. ఓబలప్ప కర్ర ఎత్తి చూపిస్తూ గట్టిగా చదువుతున్నాడు. "గోవిందసామి. మా షిఫ్టే. ఆవులప్ప. ఈయన నాకు బీడీ బాకీ. పాపన్న..." ఒక ముసలామె ముందుకొచ్చి ఒక పేరు మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది. గాజు తెగుతుందని ఎవరూ ఆమెను వెనక్కి లాగలేదు. అంచు ఎక్కడా విడిగా లేదు మరి.

అనంత్ నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, నేను అతికించమన్నాను గానీ..."

"అతికించినాను అప్పా. ఒక్క పెంకు విడిగా ఉండాదా చూడు. నిండుగా లేదా?"

వాడు చూశాడు. లేదనలేకపోయాడు. వాడి ముఖం చూస్తే జాలేసింది. పదో తరగతిలో తెలిసిన జవాబు కూడా భయానికి రాయని పిల్లవాడే, ఇంకా.

అధ్యక్షుడికి మాత్రం భయంలేదు. మంచి మాటల్లోనే చెప్పాడు. ముందు గది చాలా బాగుంది, బోర్డు ఇవ్వడానికి అభ్యంతరం లేదు. ఈ కిటికీ మాత్రం చూసేవాళ్ళను కలవరపెడుతుంది. ఇది తీస్తే వచ్చే వారమే బోర్డు. తీయకపోతే సమితి తప్పుకుంటుంది. ఆ తర్వాత షెడ్డు సంగతి నోటీసు ఇచ్చినవాళ్ళు చూసుకుంటారు. వాళ్ళు మనుషుల్ని పంపి గోడతో సహా తీసేస్తారు. "ఆలోచించుకోండమ్మా. బతుకుతెరువు కదా," అన్నాడు.

గదిలో అందరూ మునిలక్ష్మిని చూశారు. నేనూ చూశాను. షెడ్డు పోతే ఆ మనిషికి కొలిమి లేదు, బల్ల లేదు, పడుకోవడానికి చోటు లేదు. ఒప్పుకున్నా తప్పు పట్టకూడదని మనసులో అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని బల్ల దగ్గరికి పోయింది. అద్దం కోసేటప్పుడు తట్టే చిన్న సుత్తి తీసింది. తెచ్చి, కిటికీ కిందున్న అర మీద, అధ్యక్షుడి చేతికి అందేలా పెట్టింది.

"మనుషుల్ని పంపేదెందుకు స్వామీ, ఖర్చు," అంది. "ఈ పొద్దే కానీండి. మా వాళ్ళందరూ ఈడనే ఉండారు, చూస్తారు."

ఆయన సుత్తి వైపు చూశాడు, చొక్కా మీది నీలం వైపు చూశాడు. ఒక అడుగు పక్కకు జరిగాడు. జరిగినచోట ఎరుపు పడింది. ఓబలప్ప చదవడం ఆపలేదు. ముసలామె చెయ్యి తీయలేదు. అనంత్ నా పక్కకు వచ్చి, "టీచర్, మీ రెండు పేజీలు మళ్ళీ రాసిస్తారా?" అని గొణిగాడు. "రాస్తాను. రెండుకు మించుతాయి," అన్నాను. అదే ఇది.

అధ్యక్షుడు గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "వాళ్ళు పగలగొట్టేస్తే ఏం చేస్తారమ్మా?" అన్నాడు. బెదిరింపులా లేదు, నిజంగానే అడిగినట్టుంది.

మునిలక్ష్మి అప్పటికే కళ్ళద్దాలు సర్దుకుని బల్ల మీదికి వంగింది.

"తారీఖు ఏసి పెట్టుకుంటాను స్వామీ," అంది. "మీ పేరు కూడా చెప్పిపోండి. చీటీ వెనకాల రాసుకుంటాం."